మా మేనత్తకు ఎన్నేండ్లు?

ఇందుమూలంగా దంతాలపల్లి, మానుకోట, జనగామ ప్రాంతాల యావన్మంది ప్రజలకు తెలియజేయునది ఏమనగా: నేటి నుండి పక్కింటి కోడి మన పెంట మీదికి వచ్చి గెలికినచో ఎవరూ పంచాయతీ పెట్టరాదు. గోడ దాటి వేలాడిన మునక్కాయ ఏ ఇంటిదో తేల్చేవారు ఇక లేరు కావున కోసుకున్నవారిదే కాయ. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ సన్నగా తరగవలెనా, లావుగా తరగవలెనా అను వివాదము ఇంతటితో ముగిసినది. ఎవరికి తోచినట్లు వారు తరుగుకొనవచ్చును. ఎందుకనగా, పై విషయములన్నింటి మీద తీర్పులు చెప్పి, వినని వాళ్లను వీధిలో నిలబెట్టి కడిగే మా మేనత్త మొన్న మంగళవారం తెల్లవారుతుండగా దంతాలపల్లిలో తన ఇంటి అరుగు మీద కన్నుమూసినది.

నాది జనగామలో మైకు సెట్టు దుకాణం. పెండ్లికైనా ఎలక్షన్‌కైనా రిక్షాకు మైకు కట్టి ఊరంతా చాటేవాణ్ణి. "ఇందుమూలంగా" అననిదే నా నోరు పెగలదు. అందుకే అలా మొదలుపెట్టాను. ఏడుస్తూ రాయడం నాకు చేతకాదు. చేతనైనా ఆమె రాయనిచ్చేది కాదు.

ఆమె పోయిన రోజు ఇంటికి వచ్చినవాళ్లంతా ఒకటే ప్రశ్న అడిగారు. ఏం జబ్బు అని కాదు, ఎంత బాధపడింది అని కాదు. "ఎన్నేండ్లుంటయి?" అని. ఆమె కొడుకు, మా బావ, ఎవరు అడిగినా తలవంచుకుని ఎనభై అయిదు దాటినయని చెప్పాడు. ఆ మాట వినగానే వచ్చినవాళ్ల ముఖాలు తేటపడేవి. మంచి వయసేనని తలలూపి చాయ్ అందుకునేవారు.

నాకు ఒళ్లు మండింది. నేను వాకిట్లో ఇంకో పక్కన నిలబడి నా లెక్కలు నేను చెప్పడం మొదలుపెట్టాను. మానుకోట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి తొంభై రెండని చెప్పాను. ఆయన అదృష్టవంతురాలని మెచ్చుకుని పత్తి ధర గురించి మాట్లాడాడు. వెనకే వచ్చిన ఒకావిడకు యాభై ఎనిమిదని చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇంకా బతకాల్సిన మనిషి గదా, దవాఖానకు తీసుకపోలేదా అని కండ్లనీళ్లు పెట్టుకుంది. అరుగు మీద ఉన్నది అదే మనిషి, అదే శవం. నేను చెప్పిన అంకె ఒక్కటే మారింది.

బావ పసిగట్టి నన్ను గోడ పక్కకు లాక్కుపోయాడు.

"సావింటికాడ గూడ నీ కోతి చేష్టలేనా బామ్మర్ది?"

"కోతి చేష్టలు గాదు బావా. ఏ వయసు కాడ మనిషి మనిషి గాకుంట పోతదో చూస్తున్న."

బావ నా చేయి వదిలేసి వాకిట్లోకి పోయాడు. ఆయనకు ఆ మాట ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. చదివేవాళ్లకు తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

అరవై తొమ్మిదిలో నేను జనగామలో చదువుకుంటున్నాను, కనీసం ఇంట్లో వాళ్లు అలా అనుకుంటున్నారు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వచ్చి బడులు మూతబడ్డాయి. అందరి బడులూ మళ్లీ తెరిచారు, నాది తెరుచుకోలేదు. స్టేషన్ దగ్గర రాళ్లు పడ్డ రోజు నేను అక్కడే ఉన్నాను. నేను వేశానా లేదా అన్నది ఇప్పుడు ఎందుకు. పోలీసులు ఇండ్లలో దూరి పోరగాళ్లను పట్టుకుపోతుంటే, మా బాపు నన్ను బస్సెక్కించి దంతాలపల్లిలో ఉన్న తన అక్క ఇంటికి పంపించాడు. ఆ అక్కే మా మేనత్త. అప్పటికే భర్త పోయి, కొడుకునూ కూతురినీ పెట్టుకుని, ఉన్న భూమిని తానే నిలబడి దున్నించుకుంటున్న మనిషి.

పోలీసు జీపు దంతాలపల్లి దాకా వచ్చింది. ఆమె హడావుడి పడలేదు. నా ఒంటికి పసుపు పూసి, గొంగడి కప్పి, లోపలింట్లో ఒక మూలకు పడుకోబెట్టింది. గడపకు వేపమండలు కట్టింది. మా దగ్గర గడపకు వేపమండలు కట్టారంటే లోపల ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. బయటివాళ్లు ఆ ఇంట్లోకి అడుగుపెట్టరు. జీపు దిగినవాళ్లు గడప అవతలే ఆగిపోయారు. ఆమె ఒక దవడన తంబాకు పెట్టుకుని రెండో దవడ నుంచి చల్లగా అంది: "రాండ్రి సారూ, లోపల్కి రాండ్రి. మీ ఇంట్ల చిన్న పిల్లలు లేరు గదా?"

వాళ్లు జీపెక్కి పోయారు. నేను గొంగడి కింద కిసుక్కున నవ్వాను. వచ్చి నెత్తి మీద ఒక్కటేసింది. "అబద్ధమాడితే నిండ ఆడాలె అల్లుడా. గడపకు వేపమండ గట్టి లోపల నవ్వితే ఇద్దరం పోతం." అన్నట్టే నిండా ఆడింది. ఆ మండలు ఎండేదాకా తీయలేదు. అమ్మవారికి పెరుగన్నం నైవేద్యం పెట్టి చుట్టుపక్కల ఇండ్లకు పంచింది. వాళ్లు నమ్మి తిన్నారు. నేను చదివిన పై చదువు అదొక్కటే.

ఆమె నోట్లో తంబాకు లేని పూట నాకు గుర్తు లేదు. నడుముకు ఇత్తడి డబ్బీ ఉండేది. ఒక అరలో తంబాకు, ఒక అరలో సున్నం. అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి ఎడమ దవడకు పెట్టుకున్నాకే ఆమెకు తెల్లారేది. నాట్లు వేసేవాళ్లకూ అదే డబ్బీలోంచి పెట్టేది. దాన్ని చెడ్డదనేవాళ్లు అప్పట్లో మా వైపు లేరు. ఆకలి ఆగుతుందనీ పంటినొప్పి తగ్గుతుందనీ అనేవాళ్లే అందరూ.

రెండో అలవాటు పచ్చిమిరపకాయ. ఒక చేతిలో జొన్నరొట్టె, ఒక చేతిలో మిరపకాయ. ముందర ఎన్ని కూరలున్నా మిరపకాయ కొరకనిదే ఆమెకు అది తిండి కాదు. కొరికి, కండ్లలో నీళ్లు తిరిగాక, "ఆ, గిప్పుడు తిన్నట్టున్నది" అనేది. ఇంటికొచ్చిన అల్లుళ్లకూ వియ్యంకులకూ కూడా అదే పరీక్ష. మిరపకాయ కొరకలేనివాడి మాట నమ్మొద్దని ఆమె తీర్పు.

పందొమ్మిది వందల ఎనభైలు వచ్చాక ఒకసారి నేను పోయేసరికి ఆమె రొట్టెను పాలలో నానబెట్టుకుని తింటోంది. గిన్నె పక్కన మిరపకాయ లేదు. పన్ను గుంజుతున్నదని అబద్ధం చెప్పింది. నిండా ఆడలేదు గనుక దొరికిపోయింది. నోరు తెరవమంటే తిట్టింది, చివరికి తెరిచింది. ఎడమ దవడ లోపల తెల్లటి మచ్చ, దాని నడుమ పెసరగింజంత పుండు. కారం తగిలితే ప్రాణం పోతున్నదని అప్పుడు ఒప్పుకుంది.

బావా నేనూ కలిసి ఆమెను వరంగల్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు మొదట అడిగింది వయసు. బావ చేతులు కట్టుకుని, "ఎనభై దాటినయి సార్" అన్నాడు.

ఎందుకు అలా అన్నాడో చెప్పాలి. మా ఊళ్లలో ఆ తరానికి పుట్టినరోజులు లేవు. మొగుడు పోయిన ఆడది సగం ముసలిది, మనుమడు పుడితే నిండా ముసలిది. పెద్దవాళ్ల వయసు ఎవరైనా అడిగితే పదో పదిహేనో కలిపి చెప్పడం మర్యాద. తక్కువ చెప్తే వాళ్లను తక్కువ చేసినట్టు. పెండ్లి పందిట్లో ఆ మర్యాద బాగానే ఉంటుంది. దవాఖానలో అది ఆమె మెడకు చుట్టుకుంది.

డాక్టరు నోట్లో బ్యాటరీ లైటు వేసి చూశాడు, వేలు పెట్టి చూడలేదు. ఎప్పటి నుంచి అని అడిగాడు. ఆమె నాగులపంచమి ఎల్లినకాంచి అని మొదలుపెట్టేసరికి చేయి ఊపి ఆపేశాడు. మా మాట సినిమాలో వినబడితే నవ్వుతారు, దవాఖానలో వినబడితే రాసుకోరు. తర్వాత కలానికి మూత పెట్టి, మా ఇద్దరి నడుమ కూర్చున్న మనిషి నెత్తి మీదుగా బావతో మాట్లాడాడు. ఇది క్యాన్సరన్నాడు. ఈ వయసులో కోస్తే తట్టుకోదన్నాడు. కరెంటు పెట్టినా తట్టుకోదన్నాడు. కరెంటంటే మిషనుతో పుండు మీదికి కిరణాలు పంపే వైద్యం. మా దగ్గర అందరూ దాన్ని కరెంటనే అంటారు. ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టండని ముగించాడు.

ఆమెకు ఇష్టమైనది మిరపకాయ. అది తినలేకపోతున్నదనే కదా తెచ్చింది.

బస్సులో ఆమె ఏమన్నడని అడిగింది. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏం లేదవ్వా, వేడి చేసిందట. గోలీలిచ్చిండు" అన్నాడు.  చెవుడు లేని మనిషి ముందే అంతా మాట్లాడి, బస్సులో దాచిపెట్టాం.

బస్సు దిగాక నేను పట్నం పోదామన్నాను. బావకు కోపం వచ్చింది. ఆ వయసు మనిషిని కోసి, కాల్చి అరిగోస పెట్టాల్నా, నీ మైకు సంగతి నువ్వు చూసుకో అన్నాడు. బావ చెడ్డవాడు కాదు, తల్లంటే ప్రాణం. నాకు అదే ఇంకా కోపం. చెడ్డవాడయితే నాలుగు తిట్లు తిట్టి తేలికపడేవాణ్ణి. తల్లిని బాధపెట్టకూడదని ఆయన, బాధపెట్టే పని లేదని డాక్టరు, ఇద్దరూ మంచితనంతోనే ఆమెను బతికుండగానే పాడె ఎక్కించారు.

ఆ తర్వాత పసరు మొదలైంది. కాటారం అవతల అడవి అంచున ఒకాయన ఆకుపసరుతో పుండ్లు మాన్పుతాడని ఎవరో చెప్పారు. మేనత్త కూతురు, అంటే నా మరదలు, భూపాలపల్లిలో ఉంటుంది. ఆమె పెనిమిటికి బొగ్గుబావిలో నౌకరీ. మేనత్త అక్కడ దిగి, కాటారం బస్సెక్కి, బస్సు దిగి అడవి బాటన నడిచి, దవడలో ఆకుముద్ద కుక్కించుకుని, రోజంతా పస్తుండి తిరిగి వచ్చేది. ఇలా మళ్లీ మళ్లీ పోయింది. ఎండాకాలం పోయింది, వానకాలం పోయింది. పెసరగింజంత పుండు రేగుపండంత అయింది. దవడ కింద మెడలో గడ్డ తేలింది. నోరు నిండా తెరుచుకోవడం మానేసింది. తట్టుకోదు అన్న మనిషి ఆ పసరు మంటను తట్టుకుంది, ఆ బస్సులను తట్టుకుంది, ఆ నడకను తట్టుకుంది. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఒక పొద్దున నేను దుకాణం తెరుస్తుంటే ఆమె జనగామ బస్టాండు వైపు నుంచి నడిచి వస్తోంది. ఒక్కతే. చంకలో బట్టల మూట. ఇంట్లో చెప్పకుండా వచ్చింది. మైకు డబ్బా మీద కూర్చుని, మూసుకుపోయిన నోట్లోంచి మాట కూడదీసుకుని అంది:

"నన్ను పట్నం తోల్కపో అల్లుడా."

"అత్తా, బావ ఏమంటడో. నువ్వు తట్టుకోలేవని…"

"తట్టుకునేది ఎవరు? నేనా, వాడా?"

నేను నీళ్లు తెచ్చిచ్చాను. ఆమె తాగలేదు.

"నాకేమైందో నాకెరుక. అందరు నా నెత్తి మీదికెల్లి మాట్లాడుకున్నరు. ఒక్కడన్న నన్నడిగిండా? సచ్చేదాన్ని నేను గదా."

"ఇంక ఏం పని మిగిలిందే అత్తా నీకు?" అన్నాను. నవ్వించాలని అన్నాను.

"తినుడు మిగిలింది" అంది. "రొట్టె, మిరపకాయ. గంతే. ఆడ గూడ ఇంటికి పొమ్మంటే అప్పుడు వాపసొస్త."

దుకాణం మూసేసి, బావకు కబురు పంపి, జనగామలో రైలెక్కాం. కిటికీ పక్కన కూర్చోబెట్టి అప్పుడు అడిగాను, నిజంగా నీకు ఎన్నేండ్లని. తనకు తెలియదంది. అయితే తెలిసినవి చెప్పమన్నాను. రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు బావను చంకనేసుకుని జొన్నచేన్లోకి ఉరికిందట. బావ పుట్టేనాటికి పెండ్లయి ఎన్ని పంటలయ్యాయో, పెండ్లినాటికి తాను ఎంత పిల్లో చెప్పింది. నేను ఒక్కో వేలు ముడుచుకుంటూ పోయాను. రైలు పట్నం చేరేసరికి లెక్క తేలింది. అరవై రెండు.

ఎనభై ఎక్కడ, అరవై రెండు ఎక్కడ. మర్యాద కోసం కలిపిన ఆ పద్దెనిమిదేండ్లు ఒక మనిషి దవడను తినేశాయి. 

పట్నం దవాఖానలో ఒక డాక్టరమ్మ చూసింది. చిరాకు మనిషి. నిలబడే అన్నం తింటూ, తింటూనే నర్సును కసురుతూ ఉంది. వయసెంత అని అడగ్గానే నేను ముందుకు దూకి అరవై రెండన్నాను. ఆవిడ మేనత్త ముఖం ఒకసారి, నా ముఖం ఒకసారి చూసి, రాసుకుంది. తర్వాత నన్ను పక్కకు జరగమని, కుర్చీ మేనత్త వైపు తిప్పుకుంది. చక్కెర జబ్బు ఉందా, ఇంట్లో నీళ్లు ఎవరు తోడతారు, ఎంత దూరం నడుస్తావు, ఆయాసం వస్తుందా అని అడిగింది. మెట్లెక్కి దిగమంది. మేనత్త ఎక్కి దిగి వచ్చి, ఇంకోసారి ఎక్కాల్నా అని అడిగింది. నోట్లో వేలు పెట్టి తడిమి, మెడలో గడ్డ పట్టి చూసి, డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. కోసే అదను దాటిపోయింది. కరెంటు పెడితే తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. నోరంతా పొక్కుతుంది, ఉమ్మి ఎండిపోతుంది, రుచి పోతుంది. మింగలేకపోతే ముక్కులోంచి గొట్టం వేయాలి. నడుమ ఆపేస్తే పడ్డ బాధంతా వృథా.

"ఒప్పుకుంటవా పెద్దమ్మా? నీకేం కావాలె?"

ఆ జబ్బు వచ్చిన తర్వాత ఆమెను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"మిరపకాయ తినాలె" అంది మేనత్త.

డాక్టరమ్మ నవ్వలేదు. మాట ఇవ్వలేనని, చూద్దామని అంది. పోతూ పోతూ నా వైపు తిరిగి, ఇది పెసరగింజంత ఉన్నప్పుడు ఎక్కడికి పోయారని అడిగింది. మర్యాదకు పోయామని చెప్పాలనుకున్నాను, చెప్పలేదు.

ముందు పుచ్చిన పండ్లు పీకారు. చెంప మీద, మెడ మీద రంగుతో గీతలు గీశారు. అవి చెరగకూడదని స్నానం కూడా జాగ్రత్తగా చేయాలి. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని గీతలు దాచుకునేది. మొదటి రోజు కరెంటు గదిలోంచి వచ్చి, అంత పెద్ద మిషన్ ఉన్నది గానీ చప్పుడే లేదు, నీ మైకు కంటే నయమంది. తర్వాత నవ్వులు ఆగిపోయాయి. చెంప తోలు కమిలి నల్లబడింది. నోట్లో ఎక్కడ చూసినా పుండ్లు. నీళ్లు మింగాలంటే నా చేయి పట్టుకుని గోళ్లు దిగేలా పిసికేది. చివరికి ముక్కులో గొట్టం వేశారు.

ఆ స్థితిలో ఉండగా బావ వచ్చాడు. తల్లిని చూసి అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "గిందుకేనా తెచ్చినవు?" అన్నాడు నాతో. నేను చేతిలోని జావ గిన్నె మంచం పక్కన పెట్టాను.  కరెంటు మంచిదని, పెట్టించుకుంటే అందరూ లేచి కూర్చుంటారని ఈ వ్యాసం రాయడం లేదు. ఆ వార్డులో ఆమెకంటే చిన్నవాళ్లు నడుమ ఆపేసి పోయారు, పోయినవాళ్లలో కొందరు మళ్లీ కనబడలేదు.

మేనత్తకు మాట రావడం లేదు. బావను చేత్తో పిలిచింది. వచ్చాక ఆయన మణికట్టు పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, పక్కనున్న జావ గిన్నె చూపించింది. గొట్టానికి పెట్టిన గరాటు చూపించింది. పొయ్యమని. బావ జావ పోశాడు. కొంచెం ఒలికింది. ఆమె కండ్లతోనే తిట్టింది. ఆ రోజు నుంచి వైద్యం ముగిసేదాకా ఆయన ఊరికి పోలేదు.

పుండు మానింది. మెడలో గడ్డ కరిగింది. ఆమె బక్కచిక్కి, నల్లటి చెంపతో, తడి లేని నోటితో దంతాలపల్లికి తిరిగి వచ్చింది. ఇత్తడి డబ్బీని తెచ్చి నా చేతిలో పెట్టి, దీని మూత తియ్యకు అని మాత్రం అంది. నేను తీయలేదు.

రుచి రాలేదు. బెల్లం పెడితే మట్టంది. చింతపండు పెడితే మట్టంది. మిరపకాయ కొరికి నాలుక మీద పెట్టుకుని కూర్చునేది, ఎవరో వస్తారని వాకిలి చూసినట్టు. "మండుతలేదు" అని తీసి పడేసేది. పండుగకోసారి, వాన పడ్డప్పుడోసారి, ఇంటికెవరైనా వచ్చినప్పుడోసారి ప్రయత్నం చేసేది. భూపాలపల్లిలో కూతురింట్లో ఉన్నప్పుడు కూడా ఇదే పని. నా మరదలు చూడలేక, ఇంట్లో మిరపకాయలు దాచిపెట్టేదట.

మరుసటి ఏడు దంతాలపల్లిలో ఒక పెండ్లికి మైకు కట్టడానికి పోయాను. తంతు నడుస్తుండగా ఊడిన తీగ సరిచేస్తుంటే పక్కనే మేనత్త ఇంట్లోంచి దగ్గు వినబడింది. పరుగెత్తాను. అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో సగం కొరికిన మిరపకాయ. ముక్కు కారుతోంది, కండ్లలోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి.

"మండుతున్నదిరా" అంది. "అల్లుడా, మండుతున్నది."

 తిన్నగా పెండ్లి పందిట్లోకి పోయి మైకు అందుకున్నాను. ఇందుమూలంగా దంతాలపల్లి ప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ ఊరి కోడలు, మా మేనత్త గారికి ఈ పొద్దు పచ్చిమిరపకాయ మండినది, కావున అందరూ సంతోషించవలెను. మంగళవాద్యాలు ఆగిపోయాయి. పురోహితుడు మంత్రం మింగేశాడు. ఆమె చీపురు పట్టుకుని పందిట్లోకి వచ్చింది, పెండ్లికొడుకు ముందు నుంచే నన్ను తరిమింది. అంత వేగంగా ఆమె ఉరకగలదని నాకు అప్పుడే తెలిసింది.

కొన్నేండ్లు అలా తిన్నది. తీర్పులు చెప్పింది, కోళ్ల పంచాయతీలు తెంపింది. ఈ ఏడు మెడలో గడ్డ మళ్లీ తేలింది. ఈసారి పట్నం పోదామన్నది బావ. కాళ్లు పట్టుకుని బతిమాలాడు. ఆమె ఒప్పుకోలేదు.

"మొదలు మీరు వద్దన్నరు, నేను పోయిన. గిప్పుడు మీరు పొమ్మంటున్నరు, నేను వద్దంటున్న. రెండుసార్లు నోరు నాదే కొడుకా."

ఏమీ చేయకుండా ఆమెను చూస్తూ ఊరుకోవడం మాకు చాలా కష్టమైంది. ఆమెకు కాలేదు. నొప్పి మాత్రం కష్టపెట్టింది. నొప్పికి బలమైన గోలీలు కావాలని నేను మానుకోటలో దుకాణం దుకాణం తిరిగాను. ఒక దుకాణంలో మందులిచ్చే మనిషి చీటీ చూసి, ఎన్నేండ్లుంటయని అడిగాడు. హడావుడిలో నేనూ మర్యాద అంకే చెప్పాను, ఎనభై పైనే అని. ఈ వయసులో నొప్పులు ఉంటయిలే అని చీటీ నా చేతిలో పెట్టేశాడు. వయసు పెరిగితే దవడ తక్కువ నొస్తుందని వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అంటారు. వండినవాళ్లు మెత్తటి అన్నం, పాలు, చప్పటి పప్పు పెట్టారు. ముసలమ్మ కదా, అరిగేవి పెట్టారు. కాకి వచ్చి గోడ మీద కూర్చుంది. దిగలేదు. పెద్దలు గొణగడం మొదలుపెట్టారు. బావ చేతులు జోడించి నిలబడ్డాడు. నేను పెరట్లోకి పోయి ఒక పచ్చిమిరపకాయ తెంపుకొచ్చి విస్తరి అంచున పెట్టాను. కాకి దిగింది. అన్నం వైపు చూడలేదు. మిరపకాయను తొడిమ దగ్గర పట్టుకుని గోడ మీదికి ఎగిరి, ముక్కుతో ఒక్క పోటు పొడిచి, అలాగే పట్టుకుని దంతాలపల్లి చేన్ల మీదుగా పోయింది. బావ అప్పుడు ఏడ్చాడు.

ఇది చదివి, ఈ మైకువాడు కాకిని కల్పించాడని అనుకుంటారు. కాకి నిజం, ఊరంతా చూసింది. నేను కల్పించింది రైలులో కట్టిన లెక్క. ఆ రోజు ఆమె రైలెక్కిన దగ్గరి నుంచి పట్నం దాకా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేనేమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు. అరవై రెండనేది డాక్టరమ్మ ముందు నా నోటికొచ్చిన అంకె. రజాకార్లు, జొన్నచేను, ముడిచిన వేళ్లు, అవన్నీ మీ కోసం నేను గడపకు కట్టిన వేపమండలు. ఆమెకు ఎన్నేండ్లో నాకు తెలియదు. బావ చెప్పిన ఎనభయ్యే నిజం కావచ్చు.

అరవై రెండు అన్న చోట మీకు కోపం వచ్చిందా? వచ్చే ఉంటుంది. ఇప్పుడు ఎనభై అనుకుని ఆ అరుగు దగ్గరికి ఇంకోసారి పోయి చూడండి. ఆమె అక్కడే కూర్చుని ఉంటుంది, చేతిలో సగం కొరికిన మిరపకాయ, నల్లబడ్డ చెంప మీద కారుతున్న కన్నీళ్లు. ఆ మంట నేను కల్పించలేదు.